చలిబట్టలు దాచే ముందు

శివరాత్రి వెళ్లింది, చలీ వెళ్లింది. స్వెట్టర్లు, రగ్గులు బీరువాలో సర్దే రోజులివి. సముద్రపు గాలి తగిలే మన తుని వైపు తేమ ఎక్కువ. బట్టలకు అదే మొదటి శత్రువు. రెండోది పురుగు. చెమట, కూర మరకలున్న చోటే అది ముందు పడుతుంది. అందుకే ఉతికి, బాగా ఆరాకే మడత పెట్టండి. గంజి పెట్టిన చీరలు దాచొద్దు.

ఉప్పాడ జాందానీ పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో కాక, పాత నూలు పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, లేదంటే జరీ మడత దగ్గరే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయొద్దు. పసిపిల్లల బట్టల్లో అసలే వేయొద్దు, కొందరు పిల్లల్లో అవి రక్తకణాలను దెబ్బతీస్తాయి. అక్కడ ఎండిన వేపాకు మూట పెట్టండి.

పిల్లలకు బిగుతైన స్వెట్టర్లను మాత్రం దాచకండి. అవసరమున్నవారికి ఇప్పుడే ఇచ్చేయండి.