ఇంట్లో కూర్చుని చేసే పని



"ఇంట్లోనే వుంటావుగా, ఆ కాస్త పనీ చూసిపెట్టమ్మా!" అన్న మాట మనలో విననివారుండరు. ఇంటి నుంచే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి సంపాదించుకునే నాలాంటివాళ్లకూ ఈ మాట తప్పదు. తెరవంక చూస్తూ ఆలోచిస్తూంటే, చూసేవాళ్లకు ఖాళీగా వున్నట్టే కనిపిస్తాం. గడప దాటి వెళ్తేనే ఉద్యోగం, ఇంట్లో చేసేది కాలక్షేపం అన్న అభిప్రాయం మనలో అంతగా పాతుకుపోయింది.

అది తప్పని 60 ఏళ్ల కిందటే రుజువు చేసిన స్త్రీ ఒకరున్నారు. పేరు స్టెఫనీ షర్లీ. 1933లో జర్మనీలో పుట్టారు. హిట్లరు బారి నుంచి పిల్లలను తప్పించడానికి రైళ్లలో ఇంగ్లండుకు పంపించేవారు. అలా 1939లో, అయిదేళ్ల వయసులో, అక్క చెయ్యి పట్టుకుని వచ్చిన శరణార్థి ఆమె. పెద్దయ్యాక కంప్యూటర్ పనిలో ఆరితేరారు. కాని ఆఫీసుల్లో ఆడవాళ్లకు పైమెట్టు అందనిచ్చేవారు కాదు. బిడ్డ పుడితే ఉద్యోగం మానుకోవడమే ఆనవాయితీ.

1962లో ఆమె 6 పౌన్ల పెట్టుబడితో 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' అనే కంపెనీ పెట్టారు. పిల్లల కోసం ఉద్యోగాలు మానుకున్న చదువుకున్న స్త్రీలకు ఇళ్ల దగ్గరే పని ఇచ్చారు. మొదటి 300 మందిలో మగవాళ్లు ముగ్గురే!

పని కోసం 'స్టెఫనీ' అని సంతకం పెట్టి ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. భర్త సలహాపై 'స్టీవ్' అని మగపేరు పెడితే జవాబులు వచ్చాయి. ఫోను మోగినప్పుడు పసివాడి గోల వినపడకుండా, టైపు మిషను చప్పుడు రికార్డు చేసిన టేపు పెట్టేవారట. వినడానికి నవ్వొస్తుంది. కాని తల్లి అన్న సంగతి దాచుకుంటే తప్ప పని దొరకని రోజులవి.

అప్పుడు ఇళ్లలో కంప్యూటర్లెక్కడివి? ప్రోగ్రామంతా కాగితం మీద పెన్సిలుతో రాసి పంపాలి. దాన్ని కార్డుల మీద గుళ్లు పొడిచి యంత్రానికి అందించేవారు. తప్పు దొర్లితే మళ్లీ మొదటికి. అందుకే ప్రతి పంక్తినీ మనసులోనే నడిపించి చూసుకునేవారు. కాంకార్డ్ విమానపు బ్లాక్ బాక్సు ప్రోగ్రాములు అలా ఇళ్లలో కూర్చున్న స్త్రీలు రాసినవే.

తమాషా ఏమిటంటే, ఉద్యోగాల్లో ఆడ, మగ తేడా చూపరాదని 1975లో బ్రిటన్‌లో చట్టం రాగానే ఈ కంపెనీ మగవాళ్లనూ చేర్చుకోవలసి వచ్చింది! తరువాత ఆమె షేర్లను సిబ్బందికీ పంచారు. వారిలో 70 మంది పదిలక్షల పౌన్లకు మించిన ఆస్తిపరులయ్యారు. 2025 ఆగస్టులో ఆమె కన్నుమూశారు.

ఆ స్త్రీలకు ఇంట్లో ఒక్క టెలిఫోను వుండేది. మోగేది, మాట్లాడి పెట్టేస్తే ఊరుకునేది. మన చేతిలోని ఫోను ఊరుకోదు. మెసేజి వెంట మెసేజి. పప్పు పొయ్యిమీద పెట్టి పక్కింటికి వెళ్తే ఏమవుతుందో, పని మధ్యలో ఫోను చూస్తే అదే అవుతుంది. నేనయితే పొద్దున్న మూడు గంటలు దాన్ని వేరే గదిలో పెట్టేస్తాను.

ఇంకొక మాట. ప్రోగ్రామంటే ఇవాళ నడిస్తే చాలదు. రేపు మరొకరు చదివి దిద్దుకోగలగాలి. సోపు డబ్బాకీ, జీలకర్ర డబ్బాకీ చీటీ అంటించి పెట్టే ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పాలా? ఏ భాగం ఎందుకో పక్కనే రాసి పెట్టడం ఈ వృత్తిలో సగం నేర్పు.

ఇంట్లో చేసే పని కుట్టుపనైనా, ట్యూషనైనా, కంప్యూటరైనా సరే — దానికో వేళ పెట్టుకోండి. రేటు ముందే మాట్లాడుకోండి, కాగితం మీద పెట్టండి. "ఇంట్లోనేగా" అని తగ్గించి అడిగితే, తగ్గేది ప్రయాణపు ఖర్చేగాని పనితనం కాదని నవ్వుతూనే చెప్పండి. ఆ వేళలో పిల్లల్ని, వంటను కాసేపు చూడమని ఇంట్లో మగవారిని అడగండి. మన పనిని ముందు మనం పనిగా లెక్కపెడితే, తక్కినవాళ్లు లెక్కపెట్టడం నేర్చుకుంటారు.