వేసవి తాపం – విద్యుత్తు పొదుపు
(భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిట్టమధ్యాహ్నం ప్రాకారంలో ప్రదక్షిణం చేసేవారికి ఒక అనుభవం ఉంటుంది. కాలిన రాతి పరుపుపై పాదం నిలువదు. పక్కనే తెల్లని పూత పూసిన దారిపైకి అడుగు మారిస్తే ఆ మంట తగ్గుతుంది. పూత కింద ఉన్నదీ ఆ రాయే. తెలుపు ఎండను చాలావరకు తిప్పి పంపుతుంది. మన గృహాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కాంక్రీటు కప్పు పగలంతా ఎండను గ్రహించి, రాత్రివేళ ఆ వేడిని గదిలోనికి విడుస్తుంది. పొద్దు గూకిన తరువాత కూడా పై అంతస్తులో నిద్ర పట్టకపోవడానికి కారణమదే. ఆ వేడిని ఆపకుండా ఏ.సి. నడపడం చిల్లికుండలో నీరు పోయడం వంటిది. కనుక డాబాపై సున్నమో, తెల్లని పూతో వేయించడం మొదటి పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా ఇందుకే. రెండవది పడమటి కిటికీ. దానికి వెలుపలి వైపు తడిక కట్టాలి. గాజును దాటి లోపలికి వచ్చిన ఎండను తెర పూర్తిగా ఆపలేదు. పగలు తలుపులు మూసి, బయట చల్లబడిన తరువాత ఎదురెదురు కిటికీలు తెరవాలి.

ఇక యంత్రాల మాట. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. బి.ఎల్.డి.సి. ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కొక్క ఫ్యానుపై 20 యూనిట్లు మిగులుతాయి. ఫ్యాను గదిని చల్లబరచదు. చెమటను ఆర్చి మనిషికి చల్లదనమిస్తుంది. ఎవరూ లేని గదిలో అది తిరగడం వృథా. ఏ.సి.ని 24 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యానును జతచేయండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. పొడి ఎండలు కాసే రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో కూలరు బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే కోస్తాలో దాని ప్రయోజనం స్వల్పం.

ఒక్క హెచ్చరిక. బిల్లుకు వెరచి పెద్దవారు ఫ్యాను ఆపి కూర్చుంటారు. అది పొదుపు కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. గాలి మన శరీరం కంటే వేడెక్కినప్పుడు ఫ్యాను ఒక్కటే చాలదు. తడిగుడ్డ, మంచినీరు, మజ్జిగ, ఇంటిలో చల్లని గది వారికి ముందుగా అందాలి.

వేసవిలో చలివేంద్రం పెట్టడం మన ఆచారం. పొరుగున రేకుల ఇంట ఉన్నవారి కప్పుకు తెల్లని పూత వేయించడం కూడా అటువంటి దానమే. ఈ వేసవిలో మన ఇంటి కప్పుతో పాటు మరొక ఇంటి కప్పునూ తలచుకొందాం.

స్వస్తి.