బొంబాయిలో తల దాచుకునే పేటలు



ముంబై గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా తరానికి అది బొంబాయే, అలాగే అంటాను. మన పిల్లలకు ఆ ఊరంటే సినిమా. బాంద్రాలో హీరోల ఇళ్ల ముందు ఫోటోలు దిగుతారు, గోరేగావ్‌లో ఫిల్మ్ సిటీ గేటు దాకా వెళ్లొస్తారు. ఆ ఫిల్మ్ సిటీ వచ్చింది 1977లో. మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో ఆడింది గిర్గావ్‌లోని మెజెస్టిక్‌లో. గిర్గావ్ చాళ్ల పేట. చాల్ అంటే పొడుగాటి వరండా, వరసగా ఒంటి గదులు, అందరికీ ఉమ్మడి మరుగుదొడ్లు.

లక్నో నుంచి వచ్చిన నౌషాద్ మొదట్లో దాదర్‌లో బ్రాడ్‌వే థియేటర్ ఎదుట ఫుట్‌పాత్ మీద పడుకునేవారట. 1952లో ఆయన సంగీతం చేసిన ‘బైజూ బావ్రా’ అదే థియేటర్‌లో ఆడింది. ఈ కథ అందరూ చెప్పుకుంటారు. మరి పాట రాని కూలివాడి మాటేమిటి? వాడికి చోటిచ్చింది పేటలే.

కామాటిపుర పేరెత్తితే మనవాళ్లు తల దించుకుంటారు. ఎందుకండీ? తెలుగు నేల నుంచి వెళ్లి ఆ నగరంలో కట్టుబడి పనులు చేసిన కామాటీల పేరది. పక్కనే నాగ్‌పాడా. సినిమాలకు రాసిన మంటో ఆ చుట్టుపక్కలే ఉండి, ఆ వీధుల మనుషుల్ని కథల్లోకి తెచ్చాడు. ఇంకాస్త దక్షిణాన మహమ్మదలీ రోడ్డు, భిండీ బజార్. రంజాన్ రాత్రుల్లో మినారా మసీదు సందులో మాల్పువా తినకుండా రావడం కష్టమే.

పరేల్, వర్లీల సంగతి వేరు. మన కరీంనగర్, నల్గొండ నేతవాళ్లు అక్కడి మిల్లుల్లో పనిచేశారు. 1982 జనవరిలో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు మూతబడ్డాయి. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్.

భిండీ బజార్‌లో పదహారున్నర ఎకరాల పాత కట్టడాలు పడగొట్టి టవర్లు కడుతున్నారు. కామాటిపురకూ అలాంటి ప్రణాళికే ఉంది. కట్టవద్దని నేననను. 2017 ఆగస్టులో భిండీ బజార్‌లో హుసైనీ భవనం కూలి ముప్పై మందికి పైగా పోయారు. అయితే లెక్కలో ఉన్న అద్దెదారుకు కొత్త ఫ్లాటు వస్తుంది. ఆ గదిలో నెలకింతని ఇచ్చి మంచం వేసుకున్న కూలివాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. మన జిల్లాల కుర్రాళ్లు నేటికీ వెళ్లేది అలాంటి మంచానికే.