రికార్డింగు కూడా అమానతే
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ భవనానికి ఎనిమిది కెమెరాలు, ఒక వీడియో రికార్డరు పెట్టాలని కార్యవర్గం తలపెట్టింది. ఉర్దూ పంతులుకి ఇందులో పనేమిటని మీరు అడగవచ్చు. చెబుతాను.

ఆ మధ్య ఒకచోట సాయంత్రం అయిదింటికి సైకిలు పోయింది. రికార్డింగు తీస్తే సరిగ్గా ఆ వేళకి నా శిష్యుడొకడు స్టాండు దగ్గర కనిపించాడు. అందరూ వాణ్ణే దొంగ అన్నారు. నిజానికి అయిదింటికి వాడు నా ఎదుట కూర్చుని పాఠం చదువుతున్నాడు. తీరా చూస్తే రికార్డరు గడియారం గంట వెనకపడి ఉంది! క్షమాపణ చెప్పాం గాని, ఆ పిల్లవాడి ముఖం నేను మరచిపోలేను.

కాబట్టి పెట్టేది సక్రమంగా పెట్టుకుందాం. జనం ఎక్కువగా చేరే సంస్థల్లో కెమెరాలుండాలనీ, రికార్డింగు 30 రోజులు దాచాలనీ 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపితే రోజుకు 21.6 గిగాబైట్లు. ఎనిమిది కెమెరాలకు 30 రోజులకు 5,184 గిగాబైట్లు. అంటే 6 టెరాబైట్ల డిస్కు కావాలి. చవకని 2 టెరాబైట్లది కొంటే పదకొండు రోజులకే పాతది చెరిగిపోతుంది.

పి.ఓ.ఈ. స్విచ్చి వాడితే కరెంటూ, బొమ్మా ఒకే కేబులు మీద పోతాయి. ఆ కేబులు వంద మీటర్లు దాటకూడదు. మనది ఉప్పుగాలి ఊరు. బయటి కనెక్షన్లన్నీ నీరు చొరబడని పెట్టెల్లో ఉండాలి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ చూసినవాళ్ళం, కరెంటు సంగతి మనకొకరు చెప్పాలా? యు.పి.ఎస్. రోజుల తరబడి లాగదు గాని, చిన్న కోతలకు ఆసరా.

ఫ్యాక్టరీ పాస్‌వర్డు మొదటిరోజే మార్చాలి. 2016లో ‘మిరాయి’ అనే దుష్ట ప్రోగ్రాము అలా మార్చని కెమెరాలనూ, రికార్డర్లనూ వేలకు వేలు లోబరుచుకుని, వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది.

ఇక అసలు మాట. ఇవన్నీ మేస్త్రీ చేసిపెడతాడు. ఆ బొమ్మలు ఎవరు చూడాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. పొరుగింటి గుమ్మం వైపు గాని, ఆడవాళ్ళు కూర్చునే చోటికి గాని కెమెరా తిప్పవద్దు. రికార్డింగు తెరిచేటప్పుడు ఇద్దరుండాలి. ఎందుకు తెరిచారో పుస్తకంలో రాయాలి. ఫోన్లలో పంచుకోవడం అసలే కూడదు. గడియారం నెలనెలా సరిచూడాలి.

నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తును అమానత్ అంటాం. ఈ గుమ్మం తొక్కిన ప్రతివారి ముఖమూ మన దగ్గర అమానతే. దాన్ని కాపాడగలమనుకుంటేనే కెమెరాలు పెడదాం.