జకాత్ ఎవరి సొమ్ము?



మనం ఎవరమో మన ఆచారాలు చెబుతాయి. ఎవరు ముందో, ఎవరు వెనకో కూడా అవే చెబుతాయి. మన ఊళ్లలో పీర్ల పండుగ చూడండి. గుండం చుట్టూ అన్ని కులాలవాళ్లూ తిరుగుతారు. కాని ఏ పీరును ఏ ఇంటివాళ్లు ఎత్తాలో చాలాచోట్ల తరాలుగా ఖరారై ఉంటుంది. ఆ హక్కుతోపాటు ఊళ్లో మాటకు విలువా వస్తుంది. నమాజు వరసలో ఆ లెక్క లేదు, ముందొచ్చినవాడు ముందు నిలబడతాడు. (నమాజయ్యాక వరండాలో కమిటీ కూర్చుంటే మళ్లీ లెక్కలు మొదలవుతాయి, అది వేరే సంగతి.)

జకాత్ కూడా నమాజులాంటి ఇబాదతే. దాన్ని మనం చేస్తున్న తీరు గురించే నాలుగు మాటలు చెబుతాను.

జకాత్ ఎవరికి చెందుతుందో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అందులో ముందున్నది ఫకీర్లు, మిస్కీన్లు. మఆరిజ్ సూరా అయితే ఉన్నవారి సొమ్ములో లేనివారికి హక్కు ఉందంటుంది. దయ అనలేదు, హక్కు అంది. ఏడాది నిండాక ఆ 2.5 శాతం మన దగ్గరున్న పరాయి సొమ్మే.

మనలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖహ్‌లో తమ్లీక్ అనే షరతు ఉంది. తీసుకున్న మనిషిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. జకాత్‌తో మసీదు కట్టకూడదని, కఫన్ కొనకూడదని ఉలమాలు చెప్పేది ఇందుకే. గోడ యజమాని కాలేదు, చనిపోయినవాడూ కాలేడు. అంటే ఇచ్చిన క్షణంలోనే మన పెత్తనం తీరిపోయింది. ఆమె దాంతో బియ్యం కొంటుందో, కరెంటు బిల్లు కడుతుందో, కూతురికి గాజులు కొంటుందో అడిగే అధికారం మనకు లేదు.

మరి మనం చేస్తున్నదేమిటి? షామియానా, బ్యానరు, టోకెన్లు, సంచీ మీద దాత పేరు, చివర్లో ఫొటో. ఆ ఫొటోలో సంచీ పట్టుకున్నవాళ్లు ఐదుగురుంటారు. తీసుకునే ముసలమ్మ మధ్యలో ఎక్కడో కనిపిస్తుంది. ఏటేటా జరిగేసరికి ఇదీ ఒక ఆచారమైపోయింది. ఎవరిది ఇచ్చే ఇల్లు, ఎవరిది తీసుకునే ఇల్లు అని ముద్ర పడుతోంది. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఆ ముద్ర అడ్డొస్తుందని అసలు రాని తల్లులున్నారు. అభిమానంతో అడగరు కాబట్టి, తెలియనివాళ్లు ఉన్నవాళ్లనుకునే పేదల సంగతి బకరా సూరా 273లో ఉంది. మన టోకెను చేరనిది వాళ్లకే.

సయ్యద్‌లు జకాత్ తీసుకోరు. అందుకని పేద సయ్యద్ ఇంటికి హదియా అని చెప్పి, మనమే వెళ్లి, రెండు చేతులతో ఇచ్చి వస్తాం. మర్యాదగా ఇవ్వడం మనకు రాక కాదు! ఆ మర్యాద ఫకీరు ఇంటిదాకా, దూదేకుల ఇంటిదాకా ఎందుకు పోదు? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు జాబితా రాసేచోట ఉర్దూలో అడిగే ప్రశ్నలకు తడబడతారు. ఆ తడబాటు చూసి వాళ్ల ఇస్లాంను కొలవడం ఎవరూ మనకు అప్పగించని పని.

దాతల పేర్లు ఈ సంచికలో వేస్తున్నాం. వేయాలి కూడా, చూసి ఇంకో నలుగురు ఇస్తారు. బహిరంగంగా ఇవ్వడమూ మంచిదే, రహస్యంగా పేదలకు చేర్చడం ఇంకా మేలని బకరా సూరా 271 చెబుతోంది. పేదవాళ్ల ఫొటోలు మాత్రం వద్దు.

ఈ రంజాన్‌కు నేను కోరేది ఇంతే. సంచీల మీద పేర్లు తీసేద్దాం. వీలైనచోట సరుకులకు బదులు డబ్బే ఇద్దాం. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే చేరాలి కాబట్టి షాబాన్ సగానికల్లా జాబితా సిద్ధం కావాలి. ఆ జాబితా రాసే పనిలో ప్రతి వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. తమ వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకే ముందు తెలుస్తుంది.