రష్యా వాళ్ళలో రష్యా వాళ్ళు కానివాళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను స్టీల్ ప్లాంటు గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ప్లాంటు గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది కూర్చున్నారు. నేను ఒక అంకె తప్పు చెప్తే చాలు, మైకు లాక్కుంటారు. అందుకని ప్లాంటు గేటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పక్కకు తిరిగి ఉక్రెయిన్ వైపు వెళ్దామనుకుంటున్నాను.

మన పూర్ణా మార్కెట్‌కీ ఉక్రెయిన్‌కీ ఏమిటి సంబంధం అంటారేమో. 2022 మార్చిలో కిరాణా కొట్టుకెళ్ళి పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ అడిగినవాళ్ళకి ఆ సంబంధం చెప్పక్కర్లేదు. అంతవరకు మన దేశం దిగుమతి చేసుకునే ఆ నూనెలో ఎక్కువ భాగం అక్కణ్ణుంచే వచ్చేది. యుద్ధం మొదలయ్యాక ధర ఎక్కి కూర్చుంది. ఆ రోజుల్లోనే ఆపరేషన్ గంగ విమానాల్లో మన పిల్లలు ఇళ్ళకి తిరిగొచ్చారు. "మా వాడు రష్యాలో డాక్టరు చదువుతున్నాడు" అని ఇరుగుపొరుగుకి చెప్పుకున్న ఇళ్ళలో కొన్ని, ఖార్కివ్ ఎక్కడుందో ఆ వారం మ్యాపులో వెతుక్కున్నాయి.

ఆ "రష్యా" అన్న మాట గురించే నేను మాట్లాడేది.

1979 జూన్ 12న మన ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతి పదేళ్ళలో నిపుణులు వచ్చారు, కొందరు కుటుంబాలతో వచ్చారు. ఊరంతా వాళ్ళకి పెట్టిన పేరు ఒకటే, రష్యా వాళ్ళు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బడి వదిలాక సంచీ పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ఒకావిడని చూశాను. క్యాబేజీలు తిరగేసి చూస్తోంది, బీట్‌రూట్ ఏరుకుంటోంది. కూరలమ్మే ఆమె, "రష్యా అమ్మా, ఇంకో కేజీ ఎయ్యమంటావేటి?" అంది. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, "నో రష్యా. ఉక్రయినా" అంది. "అదేనమ్మా, రష్యా!" అని మా కూరలామె కొత్తిమీర కట్ట ఒకటి కొసరు వేసింది. ఆవిడ నవ్వేసింది. ఇంకోసారి చెప్పలేదు.

ఆ బీట్‌రూట్ బోర్ష్ కోసమని ఎన్నో ఏళ్ళకి గాని నాకు తెలియలేదు. ప్రపంచంలో చాలా హోటళ్ళు దాన్ని రష్యన్ సూప్ అనే రాసుకుంటాయి. ఉక్రెయిన్‌లో బోర్ష్ వండే సంప్రదాయాన్ని, వెంటనే కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో యునెస్కో 2022 జులై 1న చేర్చింది. వండేవాళ్ళు ఊళ్ళు వదిలి పారిపోతున్నారు కాబట్టి. మన పనసపొట్టు కూరకి అలాంటి గతి పడుతుందని ఊహించుకోండి.

విశాఖలో ఇలాంటివి ఒకటీ రెండూ కావు. రాజ్‌పుత్, రాణా, రణ్‌వీర్, రణ్‌విజయ్, ఈ యుద్ధనౌకల పేర్లు నేవీ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇంటిపేర్లలాంటివి. ఊరి దృష్టిలో అవి రష్యా షిప్పులు. కట్టింది మాత్రం మికొలాయివ్ షిప్‌యార్డులో, అంటే ఉక్రెయిన్‌లో. రాజ్‌పుత్ 2021 మేలో ఇక్కడే, మన డాక్‌యార్డులోనే సెలవు తీసుకుంది. వాయుసేన ఏఎన్-32 విమానం తయారైంది కీవ్‌లో. ఇంకో ముచ్చట ఉంది, ఇంజనీరుగా నాకు ఇది చాలా ఇష్టం. 2024 డిసెంబరులో మన నేవీలో చేరిన ఐఎన్ఎస్ తుషిల్‌ని కట్టింది రష్యాలోని కలినిన్‌గ్రాద్‌లో. దాన్ని నడిపే గ్యాస్ టర్బైన్లు మాత్రం మికొలాయివ్‌వి. 2014 తర్వాత ఉక్రెయిన్ తన ఇంజన్లు రష్యాకి అమ్మనంది. అప్పుడు మనమే కొని రష్యా షిప్‌యార్డుకి అందించాం. ఆ రెండు దేశాలు కొట్టుకుంటుంటే, ఒకరి గుండెకాయ ఇంకొకరి ఒంట్లో పెట్టిన ఓడ మన చేతికొచ్చింది.

ప్లాంటులో యంత్రాల పేరుపలకల మీద వాళ్ళ లిపిలో నాలుగక్షరాలు ఉండేవి. మన కళ్ళకి అవి "సీసీసీపీ"లాగా కనబడతాయి. అది ఏ కంపెనీ అని కొత్త ట్రైనీలు అడిగేవారు. అది సోవియట్ యూనియన్ పేరేనని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ నాలుగక్షరాల వెనక క్రమాతోర్స్క్, జపోరిజ్జియా, క్రివీ రిహ్, మారియుపోల్ అనే ఊళ్ళు ఉన్నాయని ఆ పలక చెప్పదు.

ఢిల్లీలోనో కోల్‌కతాలోనో చదువుకోవడానికి వెళ్ళిన మనవాళ్ళని "మద్రాసీ" అని పిలిస్తే ఎలా ఉండేదో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలుగు వేరు, తమిళం వేరు అని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి ఊరుకునేవాళ్ళం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ముప్ఫై ఏళ్ళకి కూడా ఆ మాట పోలేదు. బీట్‌రూట్ కొన్న ఆవిడ నవ్వు నాకు అక్కడ అర్థమైంది. కాకపోతే పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఇంగ్లీషువాడు మనల్ని ఏనాడూ "మీరు కూడా ఇంగ్లీషువాళ్ళే, కాస్త యాసగా మాట్లాడతారంతే" అనలేదు. క్లబ్బు గుమ్మం బయటే నిలబెట్టాడు. మనకి సమానత్వం లేదన్నాడు గాని, మనం వేరు కాదని అనలేదు. రష్యా చక్రవర్తులు ఉక్రెయిన్ వాళ్ళకి తలుపు తీసే ఉంచారు. పేరు, భాష గుమ్మం దగ్గర విడిచి లోపలికి రమ్మన్నారు. వాళ్ళ దేశాన్ని "చిన్న రష్యా" అన్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళు జనరళ్ళయ్యారు, మంత్రులయ్యారు. ఉక్రెయిన్‌లో పుట్టిన గొగోల్‌ని మనం రష్యన్ రచయితగానే చదివాం. అందుకే, అది అసలు వలస దేశమేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నేను, లేదు పొమ్మని తలుపు వెయ్యడం కంటే, నువ్వూ నేనే కదా అని లోపలికి లాక్కోవడం వదిలించుకోవడానికి కష్టమైన బంధనం అంటాను.

1863 సంవత్సరం తీసుకోండి. ఆ ఏడు ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టారు. తెలుగు మాస్టార్లకి నేను చెప్పాలా! సరిగ్గా దానికి ముందు నెలలో రష్యా హోంమంత్రి వాల్యుయెవ్ ఒక సర్క్యులర్ పంపాడు. ఉక్రెయిన్ భాషలో బడి పుస్తకాలు, మత గ్రంథాలు అచ్చు వెయ్యకూడదని. అలాంటి భాషే వేరుగా లేదని వాళ్ళ వాదం. 1876లో ఇంకో ఉత్తర్వుతో సొంత రచనలు, అనువాదాలు, నాటకాలు కూడా నిషేధించారు, బయటి దేశాల నుంచి పుస్తకాలు రానివ్వలేదు. ఆ కట్టు 1905 దాకా వదల్లేదు. మన దగ్గర బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు వేస్తున్న శతాబ్దం అది. దొరతనానికి పన్ను వసూలుకి, కోర్టుకి, మిషనరీకి తెలుగు కావాలి కాబట్టి అచ్చు వేయించింది, మన మీద ప్రేమతో కాదు. అయినా అచ్చయితే అయింది. గిడుగు వారు వాడుకభాష కోసం చేసిన యుద్ధం తెలుగు పండితులతోనే, పోలీసులతో కాదు.

తారాస్ షెవ్‌చెంకో అనే కవి 1814లో వెట్టి రైతుల ఇంట పుట్టాడు. మనిషిని కొని విడిపించారు, 1838లో, 2500 రూబుళ్ళకి. 1847లో అరెస్టు చేసి దూరదేశానికి సిపాయిగా పంపుతూ, రాయడానికీ బొమ్మలు వెయ్యడానికీ వీల్లేదని చక్రవర్తి స్వదస్తూరితో చేర్చాడు. ఆయన అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకాల్లో రాసి బూటులో దాచుకునేవాడు.

సోవియట్లు వచ్చాక మొదట్లో పరిస్థితి మారింది. 1920లలో ఉక్రెయిన్ భాషలో బళ్ళు, పత్రికలు, నాటకశాలలు వచ్చాయి. అది నిజం, చెప్పకపోతే తప్పు. మన దగ్గర భాషా రాష్ట్రాలు అడిగిన కమ్యూనిస్టులు సోవియట్ రిపబ్లిక్కులని ఉదాహరణగా చూపించారంటే ఆ కాలపు వెలుగు అలాంటిది. తర్వాత స్టాలిన్ అదంతా తిరగదోడాడు. రచయితలని కాల్చారు. 1933లో వర్ణమాలలోంచి ఒక అక్షరాన్నే తీసేశారు. వాళ్ళ "గ". ఉక్రెయిన్ భాషలో "హ" ఉంది, దాని పక్కన గట్టి "గ" కోసం వేరే అక్షరం ఉంది. రష్యన్‌లో ఆ రెండోది లేదు కాబట్టి ఇక్కడా అక్కర్లేదన్నారు. మళ్ళీ 1990లో తెచ్చుకున్నారు. మన బండి ఱ కూడా పోయింది, కానీ జనం వాడక పోయింది. దాన్ని వాడాడని ఎవర్నీ జైల్లో పెట్టలేదు.

1933 మన ఊరికి కూడా పెద్ద సంవత్సరమే. ఆ ఏడు మన హార్బరులోకి ఓడలొచ్చాయి, డిసెంబరులో వైస్రాయి వచ్చి ప్రారంభించాడు. అదే ఏడు ఆగస్టులో మారియుపోల్‌లో అజోవ్‌స్టాల్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. ఆ ఫర్నేసు వెలిగిన వేళకి చుట్టూ పల్లెల్లో జనం ఆకలితో చచ్చిపోయి ఉన్నారు. ధాన్యం కోటా కట్టలేని ఊళ్ళని నల్లపలకల మీద ఎక్కించి, వాటికి సరుకు ఆపేశారు. 1933 జనవరిలో రైతులు ఉక్రెయిన్ దాటి తిండి కోసం పోకుండా ఉత్తర్వు వేశారు. ఒక్క ఉక్రెయిన్‌లోనే 35 నుంచి 40 లక్షల మంది పోయారని జనాభా శాస్త్రజ్ఞుల లెక్క. ధాన్యం ఎగుమతి ఆ ఏళ్ళలోనూ ఆగలేదు. దాన్ని వాళ్ళు హొలొదొమోర్ అంటారు.

సరిగ్గా నూరేళ్ళ ముందు, 1832–33లో, గుంటూరు సీమలో మన డొక్కల కరువు. లక్షకు పైగా జనం పోయారు. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మాడిపోతుంటే రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కింది. ఆ కథ మనం చరిత్ర పుస్తకంలో చదివాం, దొరల్ని తిట్టుకున్నాం. హొలొదొమోర్ గురించి మాత్రం సోవియట్ యూనియన్‌లో 1980ల చివరి దాకా నోరెత్తనివ్వలేదు. మన నోటుబుక్కులకి అట్టలు వేసుకున్న "సోవియట్ భూమి" కాగితాలు గుర్తున్నాయా? నున్నగా, రంగుల్లో, చిరిగేవి కావు. వాటిలో గోధుమ చేలు నిండా నవ్వుతూ ఉండేవి.

ఇక్కడ కొందరు మిత్రులు ముఖాలు ముడుచుకోవడం కనిపిస్తోంది. వాళ్ళ మాట నాకు తెలుసు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ప్రాణాలు పోగొట్టుకున్న ఊరిది. చివరికి చేయందించింది సోవియట్లు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతావా అంటారు. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న మన ఫర్నేసులు, అప్పట్లో ఒక్కొక్కటీ 3200 ఘనపు మీటర్లవి, వాటి ముందు నిలబడ్డవాణ్ణి. ఆ రుణం కాదనను. ఇల్లు ఎవరిదో సరిగ్గా తెలుసుకోమంటున్నాను. ఆ అన్నంలో ఉక్రెయిన్ వాళ్ళ వాటా చాలా ఉంది.

సామ్రాజ్యాలు అన్నం కూడా పెడతాయి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహానికి దండ వెయ్యనివాడు లేడు. దొనెత్స్క్‌కి కూడా ఓ కాటన్ ఉన్నాడు, జాన్ హ్యూస్ అనే వేల్స్ దేశస్థుడు. 1869–70లో అక్కడికి వెళ్ళి ఇనుప కొలిమి పెట్టాడు. ఊరికి ఆయన పేరుతోనే యూజివ్కా అన్నారు. 1924లో అది స్టాలినో అయింది, 1961లో దొనెత్స్క్ అయింది. మారియుపోల్ అయితే 1948 నుంచి 1989 దాకా జ్దానోవ్. బతికుండగా ఊరు పేరు ఇన్నిసార్లు మారితే పోస్టుమాన్ ఏం చేసేవాడో! మనల్ని మనం కూడా కాస్త తడుముకోవాలి. గిడుగు వారు సవర నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు రాసేదాకా, సవర ఒక భాషేనా అని నవ్వినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

నేను ప్లాంటులో కొత్తగా చేరిన ఏడాదే 1991. జపోరిజ్జియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. డిసెంబరు 1న ఉక్రెయిన్‌లో ఓటింగ్ జరిగింది, 90 శాతం పైగా స్వాతంత్ర్యం కావాలన్నారు. నెల తిరక్కుండా సోవియట్ యూనియన్ లేదు. ఆయన కొన్నాళ్ళు పాత పాస్‌పోర్టు జేబులో పెట్టుకునే తిరిగారు. "నేను ఒక దేశం నుంచి వచ్చాను, వేరే దేశానికి వెళ్తున్నాను, టికెట్ మాత్రం మాస్కోకే ఇచ్చారు" అని దుబాసీ చేత చెప్పించి, తనే ముందు నవ్వారు.

2022 మేలో అజోవ్‌స్టాల్ శిథిలాలు టీవీలో చూపిస్తుంటే, మా రిటైరైన వాళ్ళ వాట్సప్ గ్రూపులో ఎవరూ యుద్ధం గురించి వాదించలేదు. అది కోక్ ఓవెన్ బ్యాటరీయా, అది కన్వేయర్ గ్యాలరీయా అని గుర్తుపట్టుకున్నారు.

మన వన్‌టౌన్‌లో విక్టోరియా రాణి విగ్రహం ఇప్పటికీ ఉంది. మనం దాన్ని కూల్చలేదు, ఎండా వానా తగలకుండా కప్పు కూడా ఉంది. ఒడెసా వాళ్ళు 2022 డిసెంబరులో కేథరిన్ రాణి విగ్రహాన్ని తీసేశారు. పుష్కిన్ విగ్రహాలు కూడా చాలా ఊళ్ళలో తీసేశారు. కవి ఏం చేశాడు పాపం అని నాకూ అనిపించింది. కానీ విక్టోరియా మనవలు మన ఊరి మీద క్షిపణులు వెయ్యడం లేదు. మన పెద్దమనసుకి ఆ వెసులుబాటు ఉంది, వాళ్ళకి లేదు.

చివరగా ఒక చిన్న పని. మన బడి లైబ్రరీలో "రష్యన్ సాహిత్యం" అని చీటీ అంటించిన అర ఒకటి ఉండేది. "కాకలు తీరిన యోధుడు" అందులోంచే చాలామందిమి చదివాం. పావెల్ పెరిగిన షెపెతివ్కా, చలిలో రైలుపట్టాలు వేసిన బొయార్కా, రెండూ ఉక్రెయిన్ ఊళ్ళే. చీటీ మార్చమని నేను అడగను, అది రాసిన లైబ్రేరియన్ గారి చేతిరాత అంత అందంగా ఉండేది. షెవ్‌చెంకో కవితలు ఇంగ్లీషులో ఒక ప్రతి సంపాదించాను. సభ అయ్యాక తెలుగు మాస్టారి చేతికి ఇచ్చి వెళ్తాను. ఏ అరలో పెట్టాలో ఆయన ఇష్టం.