చెమ్మ గోడ, బూజు, ఆగని దగ్గు
(వార్షికోత్సవ సభలో సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



కార్యదర్శి లేచినాడంటే నూలు ధర, రిబేటు బాకీ, అమ్మకాల లెక్క చెప్తాడని మీరు అనుకుంటారు. ఆ లెక్కలు నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పది నిమిషాలు మేము ఒక దగ్గు గురించి మాట్లాడాలనుకుంటున్నాము. మేము ఎనిమిదో తరగతి చదివినవాళ్లం, డాక్టర్లం కాము. అయినా మా సంఘంలో ఒక ఇంట్లో జరిగినదాంట్లో మా తప్పు కూడా ఉంది. అందుకని డాక్టర్లను అడిగి తెలుసుకున్నంత మీకు చెప్పడం మా బాధ్యత.

కోలారు కరువు సీమ. ఏడాది పొడుగునా పారే నది మనకు లేదు. వెయ్యి అడుగులు బోరు దించినా నీళ్లు పడని ఊళ్లు చూసినాము. 2018లో కె.సి. వ్యాలీ నీళ్లు చెరువుల్లోకి వస్తే పండగ చేసుకున్నాము. ఇట్లాంటి చోట చెమ్మతో జబ్బేమిటి అని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వినవాళ్లమే.

కానీ మన మగ్గం ఇల్లు ఎట్లా ఉంటుందో ఒకసారి తలచుకోండి. మగ్గం గుంత నేలలోకి తవ్వింది. గాలి పొడిగా ఉంటే పోగు తెగుతుందని నేల మీద నీళ్లు చల్లుతాము, కిటికీ మూస్తాము. వానాకాలంలో గంజి పెట్టిన పడుగును లోపలే ఆరేస్తాము. వంట పొగ, ఆవిరి అదే గదిలో. నూలు మూటలు గోడకు ఆనించి పెడతాము. ఇక 2021 నవంబరులో పట్టిన వానలు మీకు గుర్తే. అప్పుడు నానిన గోడలు ఎన్ని ఇళ్లలో సరిగా ఆరినాయి? మూట జరిపి చూస్తే వెనుక నల్లగా, పచ్చగా బూజు. గదిలో ముక్క వాసన. అది మనకు ఎంత అలవాటైపోయిందంటే, చుట్టాలు వచ్చి చెప్తే తప్ప మన ముక్కుకు తెలియదు.

ఇప్పుడు ఆ ఇంటి మాట. మా సభ్యుడొకాయన, యాభై దాటినాడు, మంచి పనివాడు. మూడేళ్ల కింద దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, మెట్లెక్కితే ఆయాసం. అందరమూ టీబీ అన్నాము. కళ్లె రెండుసార్లు పరీక్ష చేయించినారు, టీబీ లేదన్నారు. ఆ తర్వాత ఒక మందుల అంగడిలో ఇచ్చిన మాత్రలు మింగితే నాలుగు రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మొదలు. అవి స్టెరాయిడ్ మాత్రలని ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి ఒంట్లో షుగరు ఎక్కింది.

ఆయన భార్య ఒక మాట గమనించింది. పుట్టింటికి పోయి పది రోజులుంటే ఆయన దగ్గు తగ్గిపోతుంది. తిరిగొచ్చి మగ్గంలో కూర్చుంటే రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది. ఆ మాట విన్న ఛాతీ డాక్టరు మొదట అడిగింది ఇంటి గోడల గురించే. సి.టి. స్కాన్ తీసి, ఊపిరి పరీక్ష చేసి, బూజు దుమ్ముకు ఊపిరితిత్తులు ఎదురు తిరిగి వాచి గట్టిపడుతున్నాయని చెప్పినారు. ఊపిరితిత్తులు ఇట్లా దెబ్బతినే జబ్బుల్లో ఇది అరుదైనది కాదు. మన దేశంలో 19 నగరాల్లో, 27 కేంద్రాల్లో ఊపిరితిత్తులు ఇట్లా దెబ్బతిన్న 1,084 మందిని పరిశీలించి 2017లో ప్రచురించినారు. అందులో 47 శాతం మందికి ఈ రకమే ఉంది. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలిలో ఉన్నవాళ్లు. కూలరులోని తడి మెత్తల్లో బూజు పెరుగుతుంది కదా.

అయితే బూజుతో వచ్చేది ఒకే జబ్బు కాదు. ఒక్కోదానికి వైద్యం ఒక్కో రకం.

మొదటిది ముక్కు కారడం, తుమ్ములు, కళ్ల దురద. దీనికి ఉప్పునీటితో ముక్కు కడగడం, డాక్టరు రాసే ముక్కు స్ప్రే, అలర్జీ మాత్ర. చాలామందికి ఇంతే చాలు.

రెండోది ఆస్తమా. రాత్రిపూట, తెల్లవారుజామున పిల్లికూతలు, ఆయాసం. దీనికి అసలు మందు పీల్చే స్టెరాయిడ్. మనవాళ్లు పంపు అంటే అలవాటైపోతుందని భయపడతారు. అలవాటు కాదు. పీల్చే మందు చాలా కొద్ది మోతాదు, నేరుగా ఊపిరితిత్తికి పోతుంది. పీల్చినాక నోరు పుక్కిలించాలి. ఆయాసం వచ్చినప్పుడు మాత్రం వాడే పంపు ఒక్కటే పెట్టుకొని, రోజూ వాడాల్సింది మానేయడం ప్రమాదం.

మూడోది, ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఆస్పర్జిల్లస్ అనే బూజు శ్వాసనాళాల్లో చేరి అలర్జీ తెస్తుంది. గోధుమ రంగు కళ్లె ముద్దలుగా పడుతుంది. ఎక్స్‌రేలో టీబీ లాగానే కనిపిస్తుంది కాబట్టి మన దేశంలో చాలామంది ముందు టీబీ మందులు వాడి వస్తారు. రక్తంలో ఐజీఈ పరీక్షతో దీన్ని పట్టుకుంటారు. స్టెరాయిడ్ మాత్రలు గానీ, ఇట్రాకొనజోల్ అనే బూజు మందు గానీ నెలల తరబడి, డాక్టరు కంటి కింద వాడాలి.

నాలుగోది మా సభ్యుడికి వచ్చింది. దీనికి మొదటి మందు ఆ బూజుకు దూరం జరగడమే. కొందరికి స్టెరాయిడ్ కొంతకాలం ఇస్తారు. ఆలస్యమైతే ఊపిరితిత్తి మీద పడిన మచ్చ పోదు. అది పెరగకుండా చూసుకోవడమే మిగులుతుంది.

2021లో కరోనా తర్వాత విన్న బ్లాక్ ఫంగస్ వేరు. అది ముఖ్యంగా షుగరు అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకు వచ్చిన జబ్బు. గోడ మీద నల్ల మచ్చ చూసి అదేనని బెదరొద్దు. బూజు పేరు చెప్పి ఒంట్లో విషం తీస్తామని పొడులు అమ్మేవాళ్లకు డబ్బులు పోయొద్దు.

ఈ కె.జి.ఎఫ్.లో ఇంకో చిక్కు ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. కానీ లోపల పనిచేసినవాళ్ల రొమ్ములో ఆ రాతిదుమ్ము మిగిలింది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా పట్టుకుంటుంది. అందుకని ఇక్కడ దగ్గంటే గని దుమ్ము కావచ్చు, టీబీ కావచ్చు, బూజు కావచ్చు, రెండు కలిసి కూడా ఉండొచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్లె పరీక్ష చేయించండి. సర్కారు ఆసుపత్రిలో అది ఉచితం. టీబీ లేదని తేలితే అక్కడితో ఆగకండి. కోలారు ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రికి గానీ, టమక దగ్గర జాలప్ప ఆసుపత్రికి గానీ పోయి ఛాతీ డాక్టరును చూడండి. గనిలో పని చేసినానని, మగ్గం గుంతలో కూర్చుంటానని, ఇంట్లో బూజు ఉందని, ఊరు మారితే తగ్గుతుందని మీరే నోరు తెరిచి చెప్పండి. వాళ్లకు మన ఇల్లు కనిపించదు. ఆయుష్మాన్ కార్డు, రేషన్ కార్డు వెంట పెట్టుకోండి. జన ఔషధి అంగడిలో మందులు చౌక. పెదవులు నీలం తిరిగినా, ఒక్క మాట పూర్తిగా పలకలేకపోయినా 108కి ఫోన్ చేయండి, తెల్లవారే దాకా ఆగొద్దు.

ఎంత మంచి మందైనా గోడ తడిగా ఉంటే సగమే పని చేస్తుంది. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. పైకప్పు కారుతుందా, వీధి నీళ్లు పునాదికి చేరుతున్నాయా? అది ఆపకుండా బూజు మీద ఆయిల్ పెయింట్ కొడితే చెమ్మ లోపలే ఉండి మళ్లీ బయటికి వస్తుంది. గోడ ఆరినాక సున్నం వేయండి. బూజును పొడి చీపురుతో దులపొద్దు. సబ్బునీళ్ల గుడ్డతో, ముక్కుకు మాస్కు కట్టుకొని తుడవండి. ఆయాసం ఉన్న మనిషి ఆ పని చేయొద్దు. బ్లీచింగు, యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నూలు మూటలు గోడకు జానెడు ఎడంగా, పలక మీద పెట్టండి. పని ముగిసినాక కిటికీలు తెరవండి. గుంతకు సిమెంటు పూయించండి, కుదిరితే గుంత మానేసి ఫ్రేము మగ్గానికి మారండి. నేత షెడ్డుకు కేంద్ర పథకం ఉంది. బెంగళూరు వీవర్స్ సర్వీస్ సెంటర్లో అడగడానికి మీ వెంట మేమే వస్తాము.

పట్టుపురుగులు మేపే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. చెమ్మ ఎక్కువైతే పురుగుకు సున్నకట్టు రోగం వస్తుంది, అదీ బూజే. అందుకని మేపే ఇంట్లో సున్నం చల్లుతాము, గాలి ఆడనిస్తాము. పురుగుకు చేసింది మన పిల్లలు పడుకునే గదికి చేయలేదు.

ఇంగ్లాండులో రాచ్‌డేల్ ఊర్లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బిడ్డ 2020 డిసెంబరులో చనిపోయినాడు. ఇంటి బూజే కారణమని 2022లో విచారణాధికారి తేల్చినారు. తండ్రి అంతకుముందే ఇంటి యజమానులకు మొరపెట్టుకున్నా పని కాలేదు. ఇప్పుడు అక్కడ ఆ బిడ్డ పేరుతో చట్టం వచ్చింది. బూజు ఉందని చెప్తే గడువులోగా బాగు చేయాల్సిందే.

ఆ సంగతి విన్నప్పుడు మాకు తల వంగిపోయింది. ఎందుకంటే మా సభ్యుడు కూడా మా దగ్గరికి వచ్చినాడు. పైకప్పు రేకులు మార్చుకోవడానికి అప్పు అడిగినాడు. నూలుకు, మగ్గానికి అప్పు ఇస్తాము గానీ గోడకు, కప్పుకు ఇచ్చే నిబంధన లేదని తిప్పి పంపినాము. అది రాసిన చేయి ఇదే. ఈ రోజు ఆయన సగం పూటే నేస్తున్నాడు. ముందే రేకులు మార్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

అందుకని ఈ సభలో ఒక తీర్మానం పెడుతున్నాము. సంఘం పొదుపు నిధిలోంచి కప్పు, గోడ, గుంత బాగుకు చిన్న అప్పు ఇవ్వాలి. వానలకు ముందు కమిటీ వాళ్లు ప్రతి మగ్గం ఇల్లూ చూసి రావాలి. మీరు చేతులెత్తితే రేపటినుంచే అమలు చేస్తాము. ఎత్తకపోతే వచ్చే సభలో మళ్లీ అడుగుతాము.

ఇంటికి పోయినాక గోడకు ఆనించిన మూట ఒక్కటి జరిపి చూడండి. బూజు ఉంటే సిగ్గుపడకుండా మాకు చెప్పండి.